అమెరికా రేడియో, టీవీలకు డబ్బు ఎవరు పెట్టారు?

మీరు అడిగింది ఇది: అమెరికాలో రేడియో, టీవీ ప్రసారాలు ఎవరు మొదలుపెట్టారు? మనం ఒకప్పుడు పోస్టాఫీసులో కట్టిన రేడియో లైసెన్సు లాంటిది అక్కడ ఎందుకు లేదు? మొదటి రోజు నుంచీ ప్రకటనల డబ్బుతోనే నడిచాయా?

మొదటి రోజు నుంచీ కాదు. దాదాపు రెండేళ్లు అమెరికా రేడియోలో గంటకింత అని డబ్బు తీసుకుని వేసే ప్రకటన అన్నదే లేదు. ఆ రెండేళ్లు స్టేషన్లు నడిపినవాళ్లు ఇంకో సరుకు అమ్ముకోవడానికి నడిపారు. ఆ సరుకు రేడియో సెట్టు. ఈ సంగతి పట్టుకుంటే మిగతా కథ, టీవీతో సహా, తేలిగ్గా అర్థమవుతుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు రిపేరు చేశాను, హ్యామ్ లైసెన్సు (సరదాకు సొంత రేడియోలో మాట్లాడుకునేవాళ్లకు ఇచ్చేది) కూడా ఉంది. విప్పిన ప్రతి సెట్టులోనూ ఈ కథలోని మనుషుల పని కళ్లారా చూశాను. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఒక తేడా. వైర్‌లెస్ వేరు, ప్రసారం వేరు. మార్కోనీ చేసింది వైర్‌లెస్: ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు, ఒక తీరం నుంచి ఇంకో తీరానికి టెలిగ్రాఫ్ కబురు. మధ్యలో ఎవరైనా వింటే అది ఆ రోజుల్లో లోపం కింద లెక్క. మాటను గాలిలో పంపిన మొదటి మనిషి రెజినాల్డ్ ఫెసెండెన్. 1900 డిసెంబరులో మేరీల్యాండ్‌లోని కాబ్ ఐలాండ్‌లో, మైలు దూరంలో ఉన్న తన సహాయకుడిని "మీ దగ్గర మంచు పడుతోందా?" అని అడిగాడు. గాలిలో వెళ్లిన మొదటి మాట వాతావరణం గురించి! కానీ అదీ ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడటమే. 1906లో లీ డి ఫారెస్ట్ సిగ్నల్ బలం పెంచే మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో చార్లెస్ హెరాల్డ్ అనే ఆయన 1912 నాటికే వారం వారం పాటలు పంపేవాడు. ఇవన్నీ 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగగానే ఆగిపోయాయి. హ్యాముల ఏరియల్స్ అన్నీ దింపించేశారు.

అసలు కథ యుద్ధం తర్వాత, పిట్స్‌బర్గ్ పక్కన విల్కిన్స్‌బర్గ్‌లో ఒక ఇంటి గ్యారేజీలో మొదలైంది. ఫ్రాంక్ కాన్రాడ్ వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజినీరు, ఇంట్లో హ్యాము. 1919 అక్టోబరులో గ్రామఫోన్ పాటొకటి మైకు ముందు పెట్టాడు. ఊరంతా చెదిరి ఉన్న హ్యాములు "ఇంకొకటి వెయ్యండి" అని ఉత్తరాలు రాశారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా వెయ్యలేక ఫలానా రోజు ఫలానా వేళకు వేస్తానని చెప్పేశాడు. నా దృష్టిలో ప్రసారం పుట్టింది ఆ నిమిషంలోనే. ఎవరు వింటున్నారో తెలియకుండా, వేళ పెట్టుకుని, అందరికీ కలిపి పంపడం అన్నది అప్పుడు మొదలైంది. రికార్డులు అయిపోతే ఊళ్లో ఒక సంగీత దుకాణం అరువిచ్చింది, తమ పేరు చెప్పాలన్న షరతు మీద. కాన్రాడ్ వేసిన పాటల రికార్డులే ఎక్కువ అమ్ముడుపోవడం ఆ దుకాణంవాళ్లు గమనించారు.

1920 సెప్టెంబరు 29న పిట్స్‌బర్గ్‌లోని హోర్న్స్ అనే పెద్ద దుకాణం పేపర్లో ఒక చిన్న ప్రకటన వేసింది: కాన్రాడ్ పాటలు వినడానికి తయారు చేసిన సెట్లు మా దగ్గర దొరుకుతాయి, 10 డాలర్ల నుంచి. ఆ ప్రకటన వెస్టింగ్‌హౌస్ వైస్ ప్రెసిడెంట్ హ్యారీ డేవిస్ కంట పడింది. యుద్ధంలో సైన్యానికి రేడియోలు చేసిన ఫ్యాక్టరీ ఆయన చేతిలో ఉంది, ఆర్డర్లు లేవు. తనే ఒక స్టేషన్ పెట్టి రోజూ ఏదో ఒకటి పంపితే సెట్లు ఇంటింటికీ అమ్ముడుపోతాయని ఆయనకు తట్టింది. నెల రోజులు తిరిగేసరికి ఈస్ట్ పిట్స్‌బర్గ్ ఫ్యాక్టరీ మేడ మీద ఒక చెక్క గది, 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ సిద్ధమయ్యాయి. కేడీకేఏ అని పేరు. 1920 నవంబరు 2 రాత్రి హార్డింగ్, కాక్స్ పోటీ పడిన అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివారు. పత్రికాఫీసు నుంచి ఫోన్లో అంకెలు వస్తుంటే లియో రోజెన్‌బర్గ్ అనే ఉద్యోగి వాటిని మైకులో చెప్పాడు. "వింటున్నవాళ్లు దయచేసి మాకు తెలియజేయండి" అని మధ్యమధ్యలో కోరాడు కూడా.

మొదటి స్టేషన్ కేడీకేఏ అని పుస్తకాల్లో ఉంటుంది. దాంతో నేను పూర్తిగా ఒప్పుకోను. డెట్రాయిట్‌లో ఒక పత్రిక నడిపిన 8ఎంకే ఆ ఏడాది ఆగస్టులోనే మిషిగన్ ప్రైమరీ ఎన్నికల ఫలితాలు చెప్పింది. కేడీకేఏ గొప్పతనం మొదటిది కావడంలో లేదు, ఆ మర్నాడు కూడా, ఆ తర్వాత రోజూ ప్రసారం ఆపకపోవడంలో ఉంది. స్టూడియో అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. హాల్లో బ్యాండు వాయిస్తే ప్రతిధ్వని భరించలేనట్టుండేది. మేడ మీద గుడారం వేసి అందులో వాయిస్తే శబ్దం శుభ్రంగా వచ్చింది. కొన్నాళ్లకు గాలివాన ఆ గుడారాన్ని ఎగరగొట్టింది. అప్పుడు గుడారాన్ని తెచ్చి గది లోపలే వేసుకున్నారు. ఇప్పుడు స్టూడియో గోడలకు మెత్తటి తొడుగు వేసేదీ ఆ గుడారం చేసిన పనికే.

1922 మొదట్లో దేశం మొత్తం మీద ముప్పై దాకా ఉన్న స్టేషన్లు ఆ ఏడాది చివరికి అయిదు వందలు దాటాయి. ఆ రోజుల స్టేషన్లు ఎవరు పెట్టారో వాటి పేర్లే చెప్తాయి. షికాగోలో డబ్ల్యూఎల్ఎస్ అంటే 'ప్రపంచంలోకెల్లా పెద్ద దుకాణం'. అది సియర్స్ వాళ్లది. డబ్ల్యూజీఎన్ అంటే 'ప్రపంచంలోకెల్లా గొప్ప పత్రిక', షికాగో ట్రిబ్యూన్‌ది. నాష్‌విల్‌లో డబ్ల్యూఎస్ఎం ఒక ఇన్సూరెన్స్ కంపెనీది, 'లక్షల మందికి మా రక్ష' అని అర్థం. చర్చీలు, కాలేజీలు, హోటళ్లు కూడా పెట్టాయి. ఎవరికీ శ్రోత నుంచి డబ్బు వచ్చే దారి లేదు. పేరు రావడమే లాభం.

ఈ వందల స్టేషన్లకూ వినోద కార్యక్రమాల కోసం ప్రభుత్వం ఇచ్చింది మొదట ఒకే ఒక్క చోటు: 360 మీటర్లు. అంటే 833 కిలోహెర్ట్జ్. మన విజయవాడ కేంద్రం 837 మీద వస్తుంది కదా, దాదాపు అదే చోటు. ఆ ఒక్క చోట ఊరికి నాలుగైదు స్టేషన్లు ఉన్నాయనుకోండి, ఎంత గందరగోళం! గంటలు పంచుకుని నడిపేవారు. షికాగోలో సోమవారం రాత్రి ఊళ్లోని స్టేషన్లన్నీ ఆపేసేవారు, దూరపు ఊళ్ల స్టేషన్లు పట్టుకోవాలనే శ్రోతల సరదా కోసం. చిన్నప్పుడు అర్ధరాత్రి దాకా ముల్లు తిప్పుతూ సిలోన్ కోసం వెతికినవాళ్లకు ఆ సరదా చెప్పక్కర్లేదు.

ఆ శ్రోతల చేతిలో ఉన్నది ఎక్కువగా క్రిస్టల్ సెట్టు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు చేసిన మొదటి సెట్టు కూడా అదే కాబట్టి దాని మీద నాకు మమకారం. అట్ట గొట్టానికి చుట్టిన తీగ, గలీనా అనే సీసపు ఖనిజం ముక్క, దాని మీద ఆనించే సన్నటి తీగ మొన, చెవులకు హెడ్‌ఫోన్. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఏరియల్‌లోకి వచ్చిన తరంగం బలంతోనే మాట వినిపిస్తుంది. తీగ మొనను రాయి మీద జరుపుతూ పోతే ఒకచోట గట్టిగా పలుకుతుంది, పక్కన ఎవరైనా బల్ల కదిపితే పోతుంది. ఇల్లంతా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. అమెరికాలో ఓట్స్ అమ్మే గుండ్రటి అట్ట డబ్బాకు తీగ చుట్టి పిల్లలు ఇలాంటివి వేలల్లో చేసుకున్నారు.

లైసెన్సు ఎందుకు రాలేదన్నదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. ఇంట్లో చేసుకున్న సెట్టుకు లెక్కెక్కడిది? ఇంగ్లండులో 1922 నవంబరులోనే ఏడాదికి 10 షిల్లింగుల లైసెన్సు పెట్టారు, దేశానికంతటికీ ఒకే కంపెనీ కాబట్టి వీలైంది. మనకు వచ్చింది ఆ పద్ధతే. అమెరికాలో యుద్ధం అయిపోగానే నౌకాదళం రేడియో మొత్తం తన చేతికే ఇవ్వమని అడిగింది, కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ప్రభుత్వం నడపడం ఇష్టం లేదు, నడపకపోతే డబ్బు ఎవరిస్తారో తెలియదు. 1924లో ఒక రేడియో పత్రిక 'ప్రసారాలకు డబ్బు ఎవరివ్వాలి, ఎలా?' అని 500 డాలర్ల బహుమతితో పోటీ పెట్టింది. అమ్మే ప్రతి వాల్వు మీదా పన్ను వెయ్యాలన్న సూచనకు బహుమతి వచ్చింది. నాకు అది ఇప్పటికీ మంచి ఆలోచన అనిపిస్తుంది, ఎక్కువ వినేవాడి వాల్వులే ముందు పోతాయి, వాడే ఎక్కువ కడతాడు. కానీ దాన్ని ఎవరూ అమలు చెయ్యలేదు.

అప్పటికే జవాబు ఇంకోచోట దొరికిపోయింది. టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ఆలోచించింది తన పద్ధతిలో. ఫోన్ బూత్ మనది, మాట్లాడేవాడు డబ్బులు వేసి మాట్లాడతాడు. రేడియో స్టేషన్ కూడా అలాంటి బూతే, కాకపోతే అవతల వినేది ఊరంతా. న్యూయార్క్‌లో డబ్ల్యూఈఏఎఫ్ స్టేషన్ పెట్టి, ఎవరైనా అద్దె కట్టి మాట్లాడుకోవచ్చన్నారు. 1922 ఆగస్టు 28 సాయంత్రం మొదటి బేరం తగిలింది. క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే స్థిరాస్తి కంపెనీ 10 నిమిషాలకు 50 డాలర్లు కట్టి, జాక్సన్ హైట్స్‌లో తాము కట్టిన హాథార్న్ కోర్ట్ అపార్టుమెంట్ల గురించి మాట్లాడించింది. ఫ్లాట్ కొనండి అని మొదటే అనలేదు. రచయిత హాథార్న్ గురించి, ఊరి ఇరుకులోంచి బయటపడి పచ్చదనం మధ్య పిల్లల్ని పెంచుకోవడం గురించి చెప్పి, నెమ్మదిగా ఇళ్ల సంగతికి వచ్చారు. ఇప్పుడు శంషాబాద్ దగ్గర విల్లాలమ్మే ప్రకటన ఏదైనా వినండి, అదే వరస.

అప్పటి వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ ఇంత గొప్ప సాధనాన్ని ప్రకటనల వాగుడులో ముంచడం ఊహకే అందదని ఆ ఏడాదే అన్నాడు. తర్వాత దేశాధ్యక్షుడయ్యే మనిషి అంత స్పష్టంగా చెప్పినా ఆగలేదు. ఎందుకంటే ఏటీ అండ్ టీ దగ్గర ఇంకొకటి ఉంది: ఊరూరా టెలిఫోన్ తీగలు. ఒక ఊళ్లో కచేరీ జరిగితే తీగల మీద పది ఊళ్ల స్టేషన్లకు పంపొచ్చు. ఖర్చు ఒకటే, శ్రోతలు పదింతలు, అద్దె కూడా అంతే పెరుగుతుంది. నెట్‌వర్క్ పద్ధతి అక్కడి నుంచి వచ్చింది. 1926లో ఏటీ అండ్ టీ ఈ వ్యాపారంలోంచి తప్పుకుంటూ డబ్ల్యూఈఏఎఫ్‌ను 10 లక్షల డాలర్లకు ఆర్‌సీఏ అనే పెద్ద రేడియో కంపెనీకి అమ్మింది. ఆ నవంబరు 15న ఎన్‌బీసీ అనే నెట్‌వర్క్ మొదలైంది. మరుసటి ఏడాది ఇంకో నెట్‌వర్క్ పుట్టింది, 1928లో చుట్టల కంపెనీ కుటుంబానికి చెందిన విలియం పేలీ ఇరవై ఆరేళ్ల వయసులో దాన్ని కొన్నాడు. అదే సీబీఎస్. ఆ తర్వాత కార్యక్రమాలు తయారు చేసింది కూడా చాలావరకు ప్రకటనల ఏజెన్సీలే. పగటిపూట ఆడవాళ్ల కోసం వచ్చే ధారావాహికల ఖర్చు సబ్బుల కంపెనీలు పెట్టాయి, అందుకే వాటిని సోప్ ఒపెరా అన్నారు.

చట్టం ఆలస్యంగా వచ్చింది. 1926లో జెనిత్ అనే రేడియో కంపెనీ కేసులో వాణిజ్య మంత్రికి ఫ్రీక్వెన్సీలు కేటాయించే అధికారం లేదని కోర్టు తేల్చాక, ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు దూకారు. బ్యాండంతా ఈలలు, కూతలు. 1927 ఫిబ్రవరిలో రేడియో చట్టం చేసి, తరంగాలు ప్రజలవి, స్టేషన్‌కు మూడేళ్లకు మించకుండా అనుమతి మాత్రమే అన్నారు. ప్రసారాలను అదుపు చెయ్యడానికి 1934లో వచ్చిన ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఇప్పటికీ ఉంది. అప్పటికి ప్రకటనల పద్ధతి వేళ్లూనుకుపోయింది. చట్టం దాన్ని ముట్టుకోలేదు.

ఇక టీవీ. మొదట తిరిగే చక్రాలతో చేశారు. చిల్లులున్న చక్రం తిరుగుతూ బొమ్మను గీతలుగా కోస్తుంది. 1925 జూన్‌లో వాషింగ్టన్‌లో చార్లెస్ ఫ్రాన్సిస్ జెంకిన్స్ ఒక చిన్న గాలిమర తిరగడాన్ని నీడబొమ్మగా చూపించాడు. ఆ దారిలో బొమ్మ ఎప్పటికీ మసకే. చక్రాన్ని ఎంత వేగంగా తిప్పినా ఒక హద్దు ఉంటుంది.

ఎలక్ట్రాన్లతోనే కొయ్యాలన్న ఆలోచన పొలంలో పనిచేసే పద్నాలుగేళ్ల కుర్రాడికి వచ్చింది. ఫైలో ఫార్న్స్‌వర్త్, ఐడహోలోని రిగ్బీ. దున్నిన చేలో వరసగా ఉన్న చాళ్లు చూసి, బొమ్మను కూడా ఇలా గీత తర్వాత గీతగా చదవొచ్చు కదా అనుకున్నాడు. బళ్లో కెమిస్ట్రీ చెప్పే టోల్మన్ మాస్టారికి గీసి చూపించాడు. ఇరవై ఒకటో ఏట, 1927 సెప్టెంబరు 7న, శాన్ ఫ్రాన్సిస్కోలో గ్రీన్ స్ట్రీట్ 202లోని చిన్న ల్యాబులో, ఒక గదిలోని గాజు పలక మీది గీత పక్క గదిలో తెర మీద కనిపించింది. పలకను తిప్పితే తెర మీది గీత కూడా తిరిగింది. పాత టీవీలో గీతలను పైనుంచి కిందికి పరిచే వర్టికల్ సెక్షన్ పోతే తెర మధ్యలో ఒకే ఒక్క తెల్ల గీత మిగిలేది. కస్టమర్లు దిగులుపడుతూ తెచ్చిన ఆ గీతను చూసినప్పుడల్లా నాకు గ్రీన్ స్ట్రీట్ గుర్తొచ్చేది.

ఆర్‌సీఏ అధిపతి డేవిడ్ సర్నాఫ్ దగ్గర జ్వొరికిన్ అనే గొప్ప శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన 1923లోనే పేటెంట్ దరఖాస్తు పెట్టాడు కాబట్టి ఎలక్ట్రానిక్ టీవీ మాదే అని ఆర్‌సీఏ వాదించింది. పేటెంట్ ఆఫీసులో ఫార్న్స్‌వర్త్ తరఫున సాక్ష్యం చెప్పింది ఆ మాస్టారే. ఫార్న్స్‌వర్త్ గెలిచాడు. 1939లో ఆర్‌సీఏ 10 లక్షల డాలర్లు కట్టి అనుమతి తీసుకోక తప్పలేదు. అయితే ఆ ఏప్రిల్ 30న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మాట్లాడటం టీవీలో చూసిన జనానికి తెలిసింది ఆర్‌సీఏ పేరే. 1941 జూలై 1న వ్యాపార ప్రసారాలకు అనుమతి వచ్చింది, 525 గీతల పద్ధతిలో. ఆ రోజే బులోవా వాచీ కంపెనీ బేస్‌బాల్ ఆటకు ముందు గడియారం బొమ్మ చూపించి 9 డాలర్లు కట్టింది. రేడియోకు ప్రకటన రావడానికి రెండేళ్లు పట్టింది, టీవీకి మొదటి రోజే వచ్చింది. నెట్‌వర్కులు, ఏజెన్సీలు, సబ్బుల కంపెనీలు అన్నీ రేడియో నుంచి సరాసరి నడిచొచ్చాయి. తర్వాత యుద్ధం వచ్చి అంతా ఆగింది. మళ్లీ సెట్లు జోరుగా అమ్ముడయ్యే వేళకు, 1947లో, ఫార్న్స్‌వర్త్ మొదటి పేటెంట్ గడువు తీరిపోయింది.

1948 సెప్టెంబరు నుంచి 1952 ఏప్రిల్ దాకా ఎఫ్‌సీసీ కొత్త టీవీ స్టేషన్లకు అనుమతులు ఆపేసింది, ఒకదాని మీద ఒకటి పడకుండా ఛానళ్లు తేల్చడానికి. స్టేషన్ లేని ఊళ్లు ఊరుకోలేదు. ఆరెగాన్‌లోని అస్టోరియాలో ఎడ్ పార్సన్స్ అనే రేడియో ఆయన, భార్య టీవీ కావాలంటే, హోటల్ కప్పు మీద యాంటెన్నా పెట్టి సియాటిల్ సిగ్నల్ పట్టి ఇంటికి తీగ లాగాడు, పక్కవాళ్లకూ ఇచ్చాడు. 1990ల్లో మన వీధుల్లో కేబుల్ లాగిన కుర్రాళ్లు చేసిందీ అదే పని.

ఎవరికి ఎక్కువ రుణపడ్డాం అంటే నేను మాత్రం ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు చెప్తాను. వచ్చిన స్టేషన్ ఏదైనా దాన్ని ముందు ఒకే స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చుకుని, తర్వాత పెంచే సూపర్‌హెట్ పద్ధతి 1918లో ఆయన పారిస్‌లో సైన్యంలో ఉండగా తేల్చాడు. నా బల్ల మీదికొచ్చిన మర్ఫీ, ఫిలిప్స్, బుష్ సెట్లన్నిట్లోనూ ఆ స్థిరమైన ఫ్రీక్వెన్సీకి కట్టిన ఐఎఫ్ డబ్బాలు ఉన్నాయంటే అది ఆయన పుణ్యమే. 1933లో ఎఫ్ఎం పేటెంట్లు తీసుకున్నాడు. ఉరుము ఉరిమినా గరగర లేని రేడియో. సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో 400 అడుగులు దాటిన టవర్ కట్టాడు. సర్నాఫ్ ఒకప్పటి స్నేహితుడే. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య మారియన్ పెళ్లికి ముందు సర్నాఫ్ సెక్రటరీ. కానీ ఆర్‌సీఏకు కావాల్సింది టీవీ. 1945లో ఎఫ్‌సీసీ ఎఫ్ఎంను పాత బ్యాండు నుంచి ఇప్పటి 88–108కి మార్చేసరికి, జనం కొన్న లక్షల సెట్లు మూగబోయాయి. అమెరికా టీవీ ధ్వనికి వాడింది కూడా ఎఫ్ఎమ్మే, దానికి ఆర్‌సీఏ రాయల్టీ ఇవ్వలేదు. 1948లో కేసు వేశాడు. ఆరేళ్లు నడిపి, డబ్బు అయిపోయి, ఇంట్లో గొడవై భార్య దూరమై, 1954 జనవరి చివరి రాత్రి ప్రాణం తీసుకున్నాడు. మారియన్ ఆ కేసులు వదల్లేదు. ఆ ఏడాదే ఆర్‌సీఏ దాదాపు 10 లక్షల డాలర్లకు రాజీకొచ్చింది. మిగతా కంపెనీలతో పోరాడి 1967లో చివరి కేసు గెలిచింది.

ఆల్పైన్ టవర్ ఇంకా నిలబడే ఉంది, న్యూయార్క్ వెళ్తే హడ్సన్ నది అవతలి గట్టు మీద కనిపిస్తుంది. 2001 సెప్టెంబరు 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలినప్పుడు దాని పైనున్న టీవీ యాంటెన్నాలు కూడా పోయాయి. మళ్లీ గాలిలోకి రావడానికి ఆ స్టేషన్లలో కొన్ని వెళ్లి తమ యాంటెన్నాలు బిగించుకుంది ఆర్మ్‌స్ట్రాంగ్ టవర్‌కే.